నానో పొడుల మధ్య ఉద్యోగం, సంతానం కోసం ఎదురుచూపు

పేరు వెల్లడించవద్దని కోరిన ఒక పాఠకుడు రాసిన సుదీర్ఘమైన ఉత్తరానికి ఇది సారాంశం. ఆయన వయసు 34 ఏళ్లు. ప్రత్యేకమైన రంగులు, పూతలు తయారుచేసే కర్మాగారంలో, పొడులు కలిపే విభాగంలో ఆరేళ్లుగా పనిచేస్తున్నారు. టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ నానో పొడులను సంచుల నుంచి తొట్టిలోకి ఒంపడం, ద్రావకంతో కలపడం, షిఫ్టు ముగిశాక యంత్రాల మీది దుమ్మును గాలి గొట్టంతో ఊది శుభ్రం చేయడం ఆయన రోజువారీ పని. ముఖానికి ఉండేది పలుచని సర్జికల్ మాస్కు. దంపతులిద్దరూ రెండేళ్లుగా సంతానం కోసం ప్రయత్నిస్తున్నారు. 31 ఏళ్ల భార్యకు స్కానింగులు, హార్మోన్ పరీక్షలు అన్నీ జరిగాయి, లోపమేమీ కనిపించలేదు. అయినా బంధువుల మాటలు పడుతున్నది ఆమే. చివరకు ఆయన ఎవరికీ చెప్పకుండా వీర్య పరీక్ష చేయించుకున్నారు. మిల్లీలీటరుకు 11 మిలియన్ల కణాలు, ముందుకు సాగే చలనం 22 శాతం, సరైన ఆకృతి 3 శాతం అని వచ్చింది. ఆ రిపోర్టును ఇప్పటికీ భార్యకు చూపించలేదు.

నానో కణాలు ఎలుకల వృషణాలను దెబ్బతీస్తాయన్న వ్యాసాలు వరుసగా చదివిన తరువాత ఆయన ఒక నిశ్చయానికి వచ్చారు. “నా ఉద్యోగమే నన్నిలా చేసింది. వెంటనే మానేయాలా? మానేస్తే ఇంటి అప్పు ఎలా తీరుతుంది? ఒంట్లో చేరిన పొడిని బయటికి పంపే మందేదైనా ఉందా? ఈ స్థితిలో గర్భం వస్తే బిడ్డకు ప్రమాదమా?” అని అడిగారు. వేరే విషయాలు చెబుతూ మధ్యలో, పరీక్షకు నెలన్నర ముందు తీవ్రమైన జ్వరంతో వారం రోజులు మంచం పట్టానని, రోజుకు ఏడెనిమిది సిగరెట్లు కాలుస్తానని, స్నేహితుడి సలహాతో జింక్ మాత్రలు వేసుకుంటున్నానని, టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టే ఆలోచన కూడా ఉందని, పని తీరు మార్చమని అడిగితే సూపర్‌వైజరు చిరాకుపడతారేమోనని భయంగా ఉందని రాశారు.

సమాధానం

అన్నిటికంటే ముందు ఆ ఇంజెక్షన్ల ఆలోచనను దయచేసి పక్కన పెట్టండి. మగతనానికి సంబంధించిన హార్మోనే కదా, తీసుకుంటే వీర్యకణాలు పెరుగుతాయని చాలామంది అనుకుంటారు, కానీ జరిగేది అందుకు పూర్తిగా విరుద్ధం. బయటి నుంచి టెస్టోస్టెరాన్ అందగానే, వృషణాలను పనిచేయించే సంకేతాలను మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి తగ్గించేస్తుంది. దాంతో వృషణాల లోపల తయారయ్యే హార్మోన్ పడిపోయి, వీర్యకణాల ఉత్పత్తి కొందరిలో పూర్తిగా ఆగిపోతుంది. వారం వారం ఇచ్చే టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లను ప్రపంచ ఆరోగ్య సంస్థ మగవారికి గర్భనిరోధక పద్ధతిగా పరీక్షించి 1990లలో ఫలితాలు ప్రకటించిందంటే, అవి మీ లక్ష్యానికి ఎంత వ్యతిరేకమో మీరే ఊహించవచ్చు. ఆపేసిన తరువాత కూడా ఉత్పత్తి తిరిగి గాడిన పడటానికి నెలలు, కొందరికి ఏడాదికి పైగా పడుతుంది.

ఇక మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు ఒకదానితో ఒకటి ముడిపడిపోయాయి. నా వీర్యకణాలు ఎందుకు తగ్గాయి అన్నది ఒకటి, ఈ దుమ్ములో ఇలాగే పనిచేయవచ్చా అన్నది మరొకటి. మొదటిదానికి సమాధానం దొరికితే తప్ప రెండవదాని మీద నిర్ణయం తీసుకోలేనని మీరు అనుకుంటున్నారు. నేను అలా అనుకోవడం లేదు. ఇలాగే పనిచేయకూడదు అని చెప్పడానికి మీ రిపోర్టు అక్కర్లేదు, ఆ దుమ్మును మీరు పీల్చే తీరు వర్ణిస్తూ రాసిన నాలుగు వాక్యాలు చాలు. మొదటి ప్రశ్నకు మాత్రం ఇప్పుడే సమాధానం లేదు, ఒకే ఒక్క పరీక్షతో అది రాదు కూడా.

ఆ పరీక్ష గురించి కొంత వివరంగా చెప్పాలి. వీర్య పరీక్షల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రచురించిన మార్గదర్శక పుస్తకం ఆరో ముద్రణ ప్రకారం కనీస సూచిక విలువలు ఇలా ఉన్నాయి: మిల్లీలీటరుకు 16 మిలియన్లు, ముందుకు సాగే చలనం 30 శాతం, సరైన ఆకృతి 4 శాతం. మీ అంకెలు మూడింటిలోనూ కిందే ఉన్నాయి, దాన్ని చిన్నదిగా చేసి చెప్పను. అయితే ఈ విలువలు సంతానం కలిగేవారినీ కలగనివారినీ విడదీసే గీతలు కావు. ఏడాదిలోపు భార్య గర్భం దాల్చిన మగవారిని పరీక్షించి, వారిలో అట్టడుగు 5 శాతం మంది ఎక్కడ ఉన్నారో చూసి వేసిన గుర్తులు అవి. అంటే అంతకంటే తక్కువ ఉన్నవారికి కూడా సహజంగా పిల్లలు పుట్టారన్నమాట. పైగా ఒకే మనిషిలో ఈ అంకెలు ఒక నమూనాకూ మరొక నమూనాకూ చాలా మారుతుంటాయి. అందుకే మొదటి పరీక్షలో తేడా కనిపిస్తే రెండోసారి చేయించమంటారు.

మీ విషయంలో రెండో పరీక్షకు ఇంకా బలమైన కారణం ఆ జ్వరం. మీరు మాటవరసకు రాసిన ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఒక వీర్యకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది, ఆపైన ఎపిడిడిమిస్ అనే నాళంలో పరిణతి చెందడానికి మరికొన్ని రోజులు, అన్నీ కలిపితే దాదాపు మూడు నెలలు. వృషణాలు శరీర ఉష్ణోగ్రత కంటే రెండు మూడు డిగ్రీలు తక్కువలో ఉంటేనే సరిగ్గా పనిచేస్తాయి. మీరు జ్వరంతో కాగిపోయిన వారంలో తయారీ మధ్యలో ఉన్న కణాలే నెలన్నర తరువాత మీ నమూనాలో కనిపించి ఉంటాయి. జ్వరం తగ్గిన రోజు నుంచి కనీసం మూడు నెలలు గడవనిచ్చి, వీర్యస్ఖలనం లేకుండా రెండు నుంచి ఏడు రోజుల విరామం పాటించి, వీలైతే అదే ల్యాబులో మళ్లీ పరీక్ష చేయించండి. అంకెలు పెరగవచ్చు, పెరగకపోవచ్చు. ఏది జరిగినా అప్పుడు మీ చేతిలో ఉండేది నమ్మదగిన ఆధారం.

ఇప్పుడు మీరు చదివిన ఎలుకల ప్రయోగాల సంగతి. అవి కట్టుకథలు కావు. ఒక నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉండే కణాలను నానో కణాలంటారు (మిల్లీమీటరులో పది లక్షల వంతు ఒక నానోమీటరు). వీర్యకణపు తల పొడవు దాదాపు 5,000 నానోమీటర్లు ఉంటుందంటే ఈ పొడి ఎంత సన్ననిదో తెలుస్తుంది. ఊపిరితో లోపలికి వెళ్లిన కణాల్లో చాలా భాగం ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుంటుంది, అతి కొద్ది భాగం రక్తంలోకి చేరుతుంది, అలా చేరినదానిలో ఎక్కువ భాగాన్ని కాలేయం, ప్లీహం పట్టుకుంటాయి. రక్తం నుంచి హానికరమైన పదార్థాలు రాకుండా వృషణాల్లో సెర్టోలి కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఒక అవరోధంగా నిలబడతాయి. అయినా ఎలుకలకు టైటానియం డయాక్సైడ్ లాంటి నానో కణాలను ఇచ్చిన అనేక ప్రయోగాల్లో కొద్ది మొత్తం ఆ అవరోధాన్ని దాటింది. ఆ ఎలుకల్లో వీర్యకణాల సంఖ్య, చలనం తగ్గాయి, టెస్టోస్టెరాన్ తయారుచేసే లేడిగ్ కణాలు దెబ్బతిన్నాయి, డీఎన్ఏ తెగిన గుర్తులు కనిపించాయి. చాలామంది పరిశోధకులు దీనికి ప్రధాన కారణంగా చెప్పేది ఆక్సీకరణ ఒత్తిడి, అంటే చురుకైన ఆక్సిజన్ అణువులు రక్షణ శక్తిని మించి పెరిగి కణాలను దెబ్బతీయడం. వీర్యకణం తన ప్రయాణం కోసం లోపలి ద్రవాన్ని దాదాపు మొత్తం వదిలేసుకుంటుంది కాబట్టి దాని దగ్గర రక్షక ఎంజైములు చాలా తక్కువ. మరోవైపు దాని పైపొరలో త్వరగా ఆక్సీకరణ చెందే కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. అందుకే శరీరంలోని మిగతా కణాలు తట్టుకోగల ఒత్తిడికి అది లొంగిపోతుంది.

అయితే ఆ ఎలుకలకు ఎంత ఇచ్చారన్నది ఆ వ్యాసాల శీర్షికల్లో కనిపించదు. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీగ్రాముల చొప్పున నేరుగా కడుపులోకి పంపడం ఇలాంటి ప్రయోగాల్లో మామూలే, కొన్నింటిలో అంతకంటే ఎక్కువ ఇస్తారు, కొన్నింటిలో సూదితో ఎక్కిస్తారు. 70 కిలోల మనిషికి అది రోజుకు 7 గ్రాములతో సమానం. ఎలుకకూ మనిషికీ ఉన్న శరీర పరిమాణపు తేడాను సవరించి లెక్కవేసినా రోజుకు ఒక గ్రాము దాటుతుంది. మీ సంగతి చూద్దాం. నానో పరిమాణంలోని టైటానియం డయాక్సైడ్ విషయంలో, పని ప్రదేశపు గాలిలో ఘనమీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటకూడదని అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ 2011లో సిఫారసు చేసింది. ఎనిమిది గంటల పనిలో మనిషి సుమారు 10 ఘనమీటర్ల గాలి పీలుస్తాడు. ఆ పరిమితి దగ్గర పనిచేస్తే లోపలికి వెళ్లేది 3 మిల్లీగ్రాములు. మీ దగ్గర గాలి దానికి పదింతలు చెడ్డదనుకున్నా 30 మిల్లీగ్రాములు. ఎలుకలకు ఇచ్చిన మోతాదుకూ దీనికీ చాలా దూరం ఉంది.

ఈ లెక్క చూసి నిశ్చింతగా ఉండమని నా ఉద్దేశం కాదు. కడుపులోకి వెళ్లిన పొడిలో అత్యధిక భాగం మలంతో బయటికి పోతుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్లినది అలా పోదు. టైటానియం డయాక్సైడ్ శరీరంలో కరగదు, ఎలుకలకు వారాల పాటు ఇచ్చినదాన్ని మీరు ఏళ్ల తరబడి పీలుస్తున్నారు. పైగా నియోష్ ఆ పరిమితిని ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పును దృష్టిలో ఉంచుకుని పెట్టింది, వృషణాలను చూసి కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కూడా టైటానియం డయాక్సైడ్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో, 2బి వర్గంలో చేర్చింది. అంటే ఆ దుమ్ము నుంచి దూరం జరగడానికి మీ ఊపిరితిత్తులే తగినంత కారణం.

ప్రయోగాలన్నీ ఒకే మాట చెప్పడం లేదని కూడా మీరు తెలుసుకోవాలి. ఆహారంలో తెల్లరంగు కోసం వాడే టైటానియం డయాక్సైడ్ ఇక సురక్షితమని చెప్పలేమని ఐరోపా ఆహార భద్రత సంస్థ 2021లో ప్రకటించింది, మరుసటి ఏడాది ఐరోపా సమాఖ్య దాన్ని ఆహారంలో నిషేధించింది. ఆ నిర్ణయానికి కారణం డీఎన్ఏకు హాని జరగదని తేల్చలేకపోవడమే. అదే నివేదికలో పరిశీలించిన ఒక పెద్ద అధ్యయనంలో, ఆహారంలో వాడే ఆ పొడిని కిలో బరువుకు 1,000 మిల్లీగ్రాముల వరకు ఇచ్చినా ఎలుకల సంతాన సామర్థ్యం మీద చెడు ప్రభావం కనిపించలేదు. ఆ పొడిలో నానో కణాలతో పాటు పెద్ద కణాలు కూడా ఉంటాయి. కణం పరిమాణం, పైపూత, స్ఫటిక రూపం, శరీరంలోకి వెళ్లిన దారి, వీటిలో ఏది మారినా ఫలితం మారుతోంది. జింక్ ఆక్సైడ్ సంగతి మరీ విచిత్రం. జింక్ లేకుండా వీర్యమే లేదు, వీర్యంలో రక్తంలోకంటే ఎంతో ఎక్కువ జింక్ ఉంటుంది. జింక్ ఆక్సైడ్ నానో కణాలు తక్కువ మోతాదులో మధుమేహం ఉన్న ఎలుకల వృషణాలను కాపాడినట్టు కొన్ని ప్రయోగాలు చూపితే, ఎక్కువ మోతాదులో అవే కణాలు ఆమ్ల వాతావరణంలో కరిగి, ఒక్కసారిగా విడుదలైన జింక్ అయాన్లతో కణాలను చంపాయి. మనుషుల మీద, అందులోనూ ఈ పొడులతో పనిచేసే మగవారి వీర్యం మీద జరిగిన పరిశోధన మాత్రం బహు తక్కువ. కాబట్టి మీ రిపోర్టును మీ పొడితో నేరుగా ముడిపెట్టే శాస్త్రీయ ఆధారం నేటికి లేదు. అనుమానించడానికి ఆధారం ఉంది, తీర్పు చెప్పడానికి లేదు.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మరొకటి. పొడి మీద అనుమానం స్థిరపడిపోతే మిగతా కారణాలను ఎవరూ వెతకరు. మీరు ఆ పొడిని కలిపే ద్రావకం పేరు ఏమిటి? రంగుల పరిశ్రమలో ఒకప్పుడు విరివిగా వాడిన 2-మెథాక్సీ ఇథనాల్, 2-ఇథాక్సీ ఇథనాల్ అనే గ్లైకాల్ ఈథర్లు జంతువుల వృషణాలను దెబ్బతీస్తాయని స్పష్టంగా రుజువైంది, వాటితో పనిచేసిన పెయింటర్లలో వీర్యకణాలు తగ్గినట్టు 1980లలోనే గమనించారు. మీ అనుమానితుల్లో నానో పొడి కంటే ముందు వరుసలో ఉండవలసినవి ఇవే. సీసం, కాడ్మియం ఉన్న రంగు పొడులు కూడా అంతే. ప్రతి సరుకుతోనూ సేఫ్టీ డేటా షీట్ వస్తుంది. అందులో మూడో భాగం ఏయే పదార్థాలున్నాయో, ఎనిమిదో భాగం ఎలాంటి రక్షణ కావాలో, పదకొండో భాగం ఆరోగ్యం మీద ప్రభావాలేమిటో చెబుతుంది. ఆ కాగితాల నకళ్లు అడిగి తీసుకోండి.

శరీరంలోని కారణాలూ చూడాలి. వృషణాల దగ్గర సిరలు ఉబ్బే వెరికోసీల్ మామూలు మగవారిలో 15 శాతం మందిలో ఉంటే, సంతానం కలగని మగవారిలో మూడో వంతుకు పైగా కనిపిస్తుంది, అవసరమైతే దాన్ని శస్త్రచికిత్సతో సరిచేయవచ్చు. యాండ్రాలజిస్టు (మగవారి సంతాన సమస్యల నిపుణుడు) గానీ యూరాలజిస్టు గానీ చేత్తో పరీక్షించి, వీర్యకణాల ఉత్పత్తిని నడిపించే పిట్యూటరీ హార్మోన్ అయిన ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టెరాన్ పరీక్షలు రాస్తారు. ఇక సిగరెట్లు. పొగ కూడా వీర్యకణాల మీద అదే ఆక్సీకరణ ఒత్తిడిని పెంచుతుంది, సిగరెట్ పొగలో కాడ్మియం కూడా ఉంటుంది. యాజమాన్యాన్ని అడగనక్కర లేకుండా మీ అంతట మీరు మార్చుకోగలిగింది ఇదొక్కటే కాబట్టి గట్టిగానే చెబుతున్నాను, మానేయండి.

ఉద్యోగం విషయంలో మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి. వెంటనే రాజీనామా చేస్తే దుమ్ము తప్పుతుంది, కానీ ఆదాయం పోయి అప్పు మిగులుతుంది, చికిత్స అవసరమైతే దానికీ డబ్బు కావాలి. అసలు కారణం వెరికోసీల్ అని తరువాత తేలితే, చేసిన త్యాగం సంతానం విషయంలో అక్కరకు రాదు. రెండో దారి, డాక్టరు ఉత్తరంతో కొన్ని నెలలపాటు పొడి తగలని విభాగానికి మార్చమని కోరడం. ప్రస్తుతానికి నాకు ఇదే మేలనిపిస్తోంది. మూడు నాలుగు నెలలు దూరంగా ఉండి మళ్లీ పరీక్షించుకుంటే మీ అనుమానానికి కొంత సమాధానం కూడా దొరుకుతుంది. కానీ ఆ వ్యవధిలోనే జ్వర ప్రభావం తగ్గుతుంది, సిగరెట్లూ మానేసి ఉంటారు కాబట్టి, అంకెలు మెరుగుపడితే ఆ ఘనత దేనిదో కచ్చితంగా చెప్పలేరు. దానికి సిద్ధపడండి. సంతానం కోరుకుంటున్న మనిషికి కారణం తెలియడం కంటే అంకెలు పెరగడమే ముఖ్యం.

మూడోది అదే చోట ఉండి పని తీరు మార్పించడం. ఇందులో గాలి గొట్టంతో ఊదడం మొట్టమొదట ఆగాలి, కింద పడిన పొడిని అది మళ్లీ మీ ముఖం ముందుకు లేపుతోంది. దాని బదులు హెపా ఫిల్టరు (అతి సన్నని దుమ్మును కూడా పట్టే వడపోత) ఉన్న వాక్యూమ్, తడిగుడ్డ వాడాలి. సంచులు ఒంపే తొట్టి దగ్గర గాలిని అక్కడికక్కడే లాగేసే ఎగ్జాస్టు ఉండాలి. వీలైతే పొడి బదులు ద్రవంలో ముందే కలిపిన సరుకును కొనవచ్చు. సర్జికల్ మాస్కు పక్కల నుంచి గాలి చొరబడుతుంది కాబట్టి దీనికి పనికిరాదు. ఎన్95 లేదా అంతకంటే మెరుగైన రెస్పిరేటర్ ముఖానికి అతుక్కుని కూర్చుంటే నానో కణాలను కూడా ఆపుతుంది, గడ్డం ఉంటే మాత్రం ఆ పట్టు కుదరదు. ఇవన్నీ అడిగితే సూపర్‌వైజరు చిరాకుపడతారేమోనన్న మీ భయం నాకు అర్థమైంది. వీర్యం మాట ఎత్తనక్కర లేదు, గాలిలో దుమ్ము కొలిపించమని, ఊపిరితిత్తుల మాట చెప్పి అడగండి. ఒక్కరుగా కాక తోటివారితో కలిసి అడిగితే మరీ మంచిది. 1977లో కాలిఫోర్నియాలోని ఒక పురుగుమందుల కర్మాగారంలో పనివారు, తమలో చాలామందికి పిల్లలు పుట్టడం లేదని తమ మాటల్లోనే గమనించి పరీక్షలు కోరారు. డీబీసీపీ అనే రసాయనం వారి వీర్యకణాలను హరించిందని అప్పుడే లోకానికి తెలిసింది. మీ విభాగంలో ఇంకెవరికైనా ఇదే ఇబ్బంది ఉందా అన్నది ఏ ప్రయోగశాల కంటే ముందు మీరే తెలుసుకోగలరు, ఆ సంగతి డాక్టరుకు ఎంతో ఉపయోగపడుతుంది.

పొడిని ఒంట్లోంచి బయటికి పంపే మందు గురించి అడిగారు. అలాంటిది లేదు. అలా చెప్పి అమ్మేవాటికి డబ్బు పెట్టకండి. రక్తంలో టైటానియం, జింక్ ఎంత ఉందో కొలవవచ్చు గాని, అది నానో కణాల నుంచి వచ్చిందా లేదా అన్నది ఆ అంకె చెప్పదు. జింక్ మాత్రలు కూడా ఆపేయవచ్చని నా అభిప్రాయం. 2,370 జంటల మీద అమెరికాలో జరిపి 2020లో ప్రచురించిన పరీక్షలో, జింక్, ఫోలిక్ ఆమ్లం తీసుకున్న మగవారికి వీర్యం మెరుగుపడలేదు, పుట్టిన పిల్లల సంఖ్యా పెరగలేదు. పైగా జింక్ ఎక్కువ కాలం అధిక మోతాదులో తీసుకుంటే శరీరంలో రాగి తగ్గిపోతుంది.

మీ భార్య సంగతి చివరికి వదిలేయలేదు, దాని గురించి నిదానంగా మాట్లాడాలని ఆగాను. రెండో పరీక్ష వచ్చాక చెబుదామన్నది మీ ఆలోచన కావచ్చు. అలా చేస్తే నిశ్చయమైన మాట చెప్పినట్టవుతుంది నిజమే, కానీ అప్పటిదాకా ఆమె మరికొన్ని పరీక్షలకు సిద్ధమవుతారు, మరికొన్ని మాటలు పడతారు. తరువాత ఆ రిపోర్టు మీద తేదీ చూసినప్పుడు వీర్యకణాల సంఖ్య కంటే మీరు మౌనంగా ఉన్న నెలలే ఆమెను ఎక్కువ బాధపెడతాయి. ఈ వారంలోనే చెప్పండి. తప్పు ఒప్పుకుంటున్నట్టు కాకుండా, “నా పరీక్షలో కొన్ని అంకెలు తక్కువగా వచ్చాయి, జ్వరం వల్ల కావచ్చు, పని వల్ల కావచ్చు, మళ్లీ చేయించాలి, నువ్వూ నాతో రా” అన్నంత మామూలుగా చెప్పండి. మీ అంకెలు బంధువులందరికీ చెప్పనక్కర లేదు. కానీ వాళ్లు ఆమెను అన్నప్పుడు, ఇద్దరం పరీక్షలు చేయించుకుంటున్నాం, డాక్టరు చూస్తున్నారు అని మీ నోటితో మీరు అనాలి.

బిడ్డకు ప్రమాదమా అన్న ప్రశ్న మిగిలింది. ఈ పొడులతో పనిచేసే తండ్రుల పిల్లల్లో జన్మలోపాలు ఎక్కువని చూపే స్థిరమైన ఆధారమేదీ లేదు. కాబట్టి ప్రయత్నం ఆపమని చెప్పే కారణం నాకు కనిపించడం లేదు. ద్రావకాల పేర్లు చూశాక అందులో నేను చెప్పిన గ్లైకాల్ ఈథర్లు గానీ సీసం గానీ తేలితే మాత్రం, విభాగం మారిన తరువాత మూడు నెలలు ఆగే విషయం డాక్టరుతో మాట్లాడండి. ఆమె వయసు 31 కాబట్టి ఆ మూడు నెలల వల్ల పెద్దగా నష్టం ఉండదు, ఏళ్ల తరబడి వాయిదా వేయడం మాత్రం మంచిది కాదు. ఈలోగా పనిబట్టలు కర్మాగారంలోనే విడిచి, స్నానం చేసి ఇంటికి రండి. అక్కడ ఉతికించే ఏర్పాటు లేకపోతే మూతి కట్టిన సంచిలో తెచ్చి మిగతా బట్టలతో కలపకుండా మీరే ఉతకండి, ఆ పని ఆమె మీద పడనివ్వకండి.